కుళాయి నీళ్లకి రెండు రిపోర్టులు, రెండు మాటలు. ఏది నమ్మాలి?

మూడో_అంతస్తు
మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. మునిసిపల్ నీళ్లు కింద సంపులోకి వస్తాయి, అక్కడి నుంచి మోటారుతో పై ట్యాంకుకి వెళ్తాయి. మూడు వారాల్లో తొమ్మిది ఇళ్లలో పిల్లలకి వాంతులు, విరేచనాలు. ఒక పాపకి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అసోసియేషన్ వాళ్లు శాంపిల్ ఇస్తే ఒక ల్యాబ్ "ఈ.కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) లేదు, తాగవచ్చు" అని రాసిచ్చింది. నాకు మనసు ఒప్పక విడిగా ఇంకో ల్యాబ్‌కి ఇచ్చాను. "100 మిల్లీలీటర్లలో ఈ.కోలై 14" అని వచ్చింది. మా ప్రెసిడెంటు గారేమో జేబులోంచి టీడీఎస్ మీటర్ తీసి "210 చూపిస్తోంది, ఇంతకంటే మంచి నీళ్లు ఎక్కడ దొరుకుతాయి" అంటున్నారు. సరఫరా వాళ్లని అడిగితే తమ వైపు అంతా సరిగానే ఉందన్నారు. అందరూ కాగితాలు చూపించేవాళ్లే. ఎవరి మాట నమ్మాలి?

తుంటరి
ప్రెసిడెంటు గారిని ఆ మీటర్ వాన నీటి గుంటలో ముంచమనండి. అక్కడ ఇంకా తక్కువ చూపిస్తుంది. కప్పలతో సహా తాగేయొచ్చు.

ల్యాబ్_కోటు
తుంటరి గారు నవ్వుతూ అన్నా అదే నిజం. టీడీఎస్ మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నది ఒక్కటే. దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి, కరిగిన లవణాలు ఇన్ని అని అంచనా చెబుతుంది. బ్యాక్టీరియా దానికి కనబడదు. ఆర్సెనిక్, సీసం లాంటివి ప్రమాదకరమయ్యేది లీటరుకు మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో. ఆర్సెనిక్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. దానికి పదింతలున్నా మీ మీటర్లో ఒక్క అంకె కదలదు. ఉప్పదనం తెలుసుకోవడానికి మంచి పరికరమే, అంతకు మించి దాన్ని ఏమీ అడగకండి.

ఇక రెండు రిపోర్టుల సంగతి. కొన్ని వివరాలు కావాలి. శాంపిళ్లు ఎవరు పట్టారు, ఏ కుళాయి దగ్గర, ఏ సీసాలో, ఎన్ని గంటలకి ల్యాబ్‌కి చేరాయి?

మూడో_అంతస్తు
అసోసియేషన్ శాంపిల్ వాచ్‌మన్ పట్టాడు. సంపులోకి మునిసిపల్ పైపు పడే చోట, పాత కూల్‌డ్రింక్ సీసాలో. మర్నాడు సాయంత్రం ల్యాబ్‌లో ఇచ్చారు. నాది మా వంటింటి కుళాయి. ల్యాబ్ వాళ్లే సీసా ఇచ్చారు, లోపల ఏదో తెల్ల పొడి ఉంది, కడగొద్దన్నారు. రెండు గంటల్లో ఇచ్చేశాను.

ల్యాబ్_కోటు
ఆ తెల్ల పొడి సోడియం థయోసల్ఫేట్. నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని అది అక్కడికక్కడ చప్పబరుస్తుంది. అది లేకపోతే సీసాలో కూడా క్లోరిన్ తన పని తాను చేసుకుపోతుంది. కుళాయి దగ్గర బతికున్న సూక్ష్మజీవి ల్యాబ్‌కి చేరేలోగా చచ్చిపోవచ్చు. పైగా చల్లగా ఉంచి 24 గంటల్లోపు పరీక్ష మొదలుపెట్టాలి, 6 గంటల్లో అయితే ఇంకా మంచిది. కాబట్టి మొదటి రిపోర్టుని నేను లెక్కలోకి తీసుకోను.

ఒకవేళ అది సరైనదే అనుకున్నా మీకు గొడవ లేదు. వాళ్లది పైపు నోటి దగ్గర, మీది వంటింట్లో. నడుమ ఒక సంపు, ఒక ట్యాంకు ఉన్నాయి. రెండు రిపోర్టులూ నిజం కావచ్చు.

లెక్కల_మాస్టారు
ఒక చిన్న లెక్క. మీ సంపు 50,000 లీటర్లనుకుందాం. పరీక్షకి తీసుకునేది 100 మిల్లీలీటర్లు. అంటే 5 లక్షల వంతుల్లో ఒక వంతు. అందులో ఏమీ దొరకలేదంటే "ఆ గ్లాసులో లేదు" అనే అర్థం. దొరికితే మాత్రం సంపులో కచ్చితంగా ఉన్నట్టే. "లేదు", "ఉంది" అనే ఈ రెండు జవాబులకీ సమానమైన బరువు ఇవ్వకూడదు. ఒకటి లేదని, ఒకటి ఉందని వస్తే సగటు తీసి "పర్వాలేదు" అనుకునేవాళ్లని చూశాను.

రెండు_పిల్లల_తల్లి
ఇవన్నీ తేలేదాకా ఏం తాగాలో ముందు చెప్పండి బాబూ.

పాత_పైపు
బుడగలు దబదబా వచ్చేదాకా మరిగించి, ఆపైన ఒక నిమిషం ఉంచితే చాలు. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉన్నవాళ్లయితే 3 నిమిషాలు. చల్లారాక అదే గిన్నెలో మూత పెట్టి ఉంచండి, వేరే బిందెలోకి వంచకండి. పళ్లు తోముకోవడానికి కూడా అవే వాడండి. అందరూ మర్చిపోయేది అదే.

నేను 31 ఏళ్లు నీటి సరఫరాలోనే పనిచేసి రిటైరయ్యాను. మూడో_అంతస్తు గారూ, మీకు నీళ్లు రోజంతా వస్తాయా, వేళకి వదులుతారా?

మూడో_అంతస్తు
రోజు విడిచి రోజు, రెండు గంటలు.

పాత_పైపు
అయితే వినండి. పైపులో నీళ్లు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపు జాయింట్లో చిల్లు ఉన్నా నీళ్లు బయటికే కారతాయి, బయటిది లోపలికి రాదు. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు లోపల గాలి పీడనం తగ్గి, చుట్టూ నేలలో ఏముంటే అది అదే చిల్లులోంచి లోపలికి లాగుతుంది. పక్కనే మురుగు లైను ఉంటే మురుగే. మళ్లీ నీళ్లు వదలగానే ఆ సరుకంతా మొదటి నీళ్లతో కొట్టుకొస్తుంది. అందుకే వేళకి వదిలే చోట మొదటి పది నిమిషాల నీళ్లు సంపులోకి పోనివ్వకూడదు. కొందరైతే నేరుగా లైనుకే మోటారు బిగిస్తారు. మురుగుని స్ట్రా పెట్టి పీల్చుకోవడమే అది.

ముందు ల్యాబ్ దాకా వెళ్లకండి. క్లోరిన్ చూడండి. డీపీడీ బిళ్ల వేసే కిట్ దొరుకుతుంది. గొట్టంలో నీళ్లు పోసి బిళ్ల వేస్తే గులాబీ రంగు తేలుతుంది, పక్కనున్న రంగు పట్టీతో సరిపోల్చడమే. నీళ్లు వచ్చే రోజు మూడు చోట్ల చూడండి: లైను నోటి దగ్గర, సంపులో, పై ట్యాంకు కుళాయిలో. చివరి ఇంటి దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఎక్కడ మాయమైందో అక్కడే దాన్ని ఏదో తింటోంది.

అనుమానాల_పుట్ట
క్లోరిన్ లేదని సంతోషించాల్సింది పోయి వెతుకుతారా! క్లోరిన్ నీళ్లు తాగితే క్యాన్సర్ వస్తుందని ఎంతమంది చెప్పలేదు? విషం పోసి విషాన్ని చంపడం ఏం తెలివి?

ల్యాబ్_కోటు
పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు, కానీ సగమే చెప్పారు. నీళ్లలో కుళ్లిన ఆకులూ మట్టీ లాంటి సేంద్రియ పదార్థం ఉంటే క్లోరిన్ దానితో కలిసి ట్రైహాలోమీథేన్లు అనే రసాయనాలు తయారవుతాయి, ఆ క్యాన్సర్ అనుమానం వీటి మీదే. 1974లో నెదర్లాండ్స్‌లో రూక్ అనే రసాయన శాస్త్రవేత్త రోటర్‌డామ్ నీళ్ల మీద పనిచేస్తూ ఇది బయటపెట్టాడు. వాటికీ హద్దులున్నాయి, వాటిలో ఒకటైన క్లోరోఫామ్‌కి లీటరుకు 300 మైక్రోగ్రాములు. ఆ హద్దు కట్టిన ప్రపంచ ఆరోగ్య సంస్థే, వీటికి భయపడి శుద్ధిలో రాజీ పడొద్దని కూడా చెప్పింది. ఒకటి ఏళ్ల తరబడి తాగితే కొంచెం పెరిగే ముప్పు. ఇంకోటి ఈ వారం పిల్లని సెలైన్ మీద పడుకోబెట్టే ముప్పు. మందు తగ్గించడం దీనికి విరుగుడు కాదు. క్లోరిన్ కలిపే ముందే నీళ్లని బాగా వడకట్టాలి.

అనుమానాల_పుట్ట
"హద్దు" ఎవరు కట్టారో, ఎలా కట్టారో మాత్రం ఎవరూ చెప్పరు.

లెక్కల_మాస్టారు
నేను చెబుతా. మామూలు రసాయనమైతే, జంతువుల్లోనో మనుషుల్లోనో ఏ మోతాదు దాకా చెడు కనబడలేదో చూస్తారు. జంతువుల లెక్కయితే దాన్ని సాధారణంగా 100తో భాగిస్తారు. జంతువుకీ మనిషికీ తేడా ఉంటుందని ఒక పది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో పది. తర్వాత 60 కిలోల మనిషి రోజుకి 2 లీటర్లు తాగుతాడనుకుని లీటరు లెక్కకి దింపుతారు. ఆ రసాయనం తిండిలోంచి, గాలిలోంచి కూడా వస్తుంది కాబట్టి నీళ్ల వాటా కొంతే ఉంచుతారు. జన్యువులని దెబ్బతీసి క్యాన్సర్ తెచ్చే వాటికి దారి వేరు. 70 ఏళ్లు తాగితే లక్షమందిలో ఒకరికి అదనంగా రావొచ్చు అనేంత దగ్గర గీత గీస్తారు. ఆర్సెనిక్‌ దగ్గర మాత్రం ఆ గీత నిలబడలేదు. అంత తక్కువకి కొలవడం, తీసేయడం కష్టం కాబట్టి 10 దగ్గర ఆగారు, తాత్కాలికం అని చెప్పి మరీ. కాబట్టి హద్దు లోపల అంతా అమృతం, దాటగానే విషం అని కాదు.

బోరు_వాడు
మాస్టారూ, మా ఊళ్లో మంచినీళ్లు బోరువే. ఫ్లోరైడు లీటరుకు 2.4 మిల్లీగ్రాములు వచ్చింది. హద్దు 1.5 అంటే "కొంచెమేగా ఎక్కువ" అంటున్నారు మా వాళ్లు. ఇంట్లో ఏడాది పాప ఉంది.

లెక్కల_మాస్టారు
"కొంచెం" అన్నది ఎవరికో చూడాలి. 60 కిలోల పెద్దవాళ్లు 2 లీటర్లు తాగితే 4.8 మిల్లీగ్రాములు, కిలో బరువుకి 0.08. పది కిలోల పాప ఒక లీటరు తాగితే కిలోకి 0.24. అమెరికా పర్యావరణ సంస్థ ఫ్లోరైడుకి పెట్టిన సూచిక మోతాదు కిలోకి రోజుకి 0.06. అంటే మీకు అందేది దానికంటే మూడో వంతు ఎక్కువ. మీ పాపకి అందేది దానికి నాలుగింతలు. నీళ్లు అవే, బోరు అదే. రిస్కు అంటారే, అది ఇదే: ఏముంది, ఎంతుంది అనేది సగం, ఎవరు ఎన్నాళ్లు తాగుతారన్నది మిగతా సగం.

ల్యాబ్_కోటు
బోరు_వాడు గారూ, ఒక హెచ్చరిక. పైన చెప్పిన మరిగించే సలహా మీకు పనికిరాదు. మరిగిస్తే నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడు గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. నైట్రేటూ అంతే. నైట్రేటు కూడా పరీక్ష చేయించారా?

బోరు_వాడు
12 అని ఉంది. హద్దు 50 కదా, హాయి.

ల్యాబ్_కోటు
ఆగండి. కాగితం మీద "నైట్రేటు" అని ఉందా, "నైట్రేటు నైట్రోజన్" అని ఉందా?

బోరు_వాడు
రెండోది. తేడా ఏంటి?

ల్యాబ్_కోటు
4.43 రెట్లు తేడా. 12ని దానితో హెచ్చవేస్తే 53. మీరు హద్దు దాటేశారు. 50 అనేది నైట్రేటుగా లెక్కిస్తే, నైట్రోజన్‌గా లెక్కిస్తే 11. సీసాపాలు తాగే పసిపిల్లలకి ఇది మరీ ముఖ్యం. రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది. మీ పాప ఆ ముప్పు ఎక్కువగా ఉండే మొదటి నెలలు దాటేసింది, అయినా నీళ్లు మార్చండి. ఎరువులో, మరుగుదొడ్డి గుంటో దగ్గర్లో ఉందేమో చూడండి.

తుంటరి
ఒక్క మాట మింగేస్తే 53 కాస్తా 12 అయిపోయిందా! మా బ్యాంకు వడ్డీ కాగితం కూడా ఇలాగే రాస్తారు.

కాగితప్పడవ
ఇలాంటిదే నాది. నా రిపోర్టులో ఆర్సెనిక్ ఎదురుగా "బీడీఎల్" అని ఉంటే సంబరపడ్డా. అంటే వాళ్ల యంత్రానికి అందనంత తక్కువ అని. ఏడాది తర్వాత ఎవరో అడిగితే చూశా. ఆ యంత్రం 50 మైక్రోగ్రాముల కిందిది కొలవలేదట! హద్దేమో 10. ఇంకో చోట చేయిస్తే 28 వచ్చింది. కొలిచే గరిటెకే చిల్లుంటే ఏం చెబుతాం. ల్యాబ్‌కి వెళ్తే ముందు అడగాల్సింది "ఎంత తక్కువ దాకా కొలవగలరు" అని.

పాత_పైపు
బంగ్లాదేశ్ కథ తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. చెరువు నీళ్లతో కలరా, విరేచనాలు వస్తున్నాయని 1970ల నుంచి లక్షల గొట్టపు బావులు వేశారు. సూక్ష్మజీవుల పరంగా మంచి నీళ్లే. ఆర్సెనిక్ కోసం మాత్రం ఎవరూ వెతకలేదు. 1990ల్లో గానీ ఎంత విస్తరించిందో బయటపడలేదు. తర్వాత ఒక్కో బావినీ పరీక్షించి, మంచిదానికి ఆకుపచ్చ, చెడ్డదానికి ఎరుపు రంగు వేశారు. పక్కపక్క బావులకే వేరు వేరు రంగులు. మన పక్కింటి రిపోర్టు మనకి చెల్లదనడానికి ఇంతకంటే ఏం కావాలి.

రెండు_పిల్లల_తల్లి
మాకు ఆర్ఓ ఉంది, కాబట్టి ఈ టెన్షన్లన్నీ మాకు లేనట్టేగా?

కాగితప్పడవ
నేనూ అలాగే అనుకుని ఆర్ఓ నీళ్లు పరీక్షకి ఇస్తే కోలిఫామ్ తేలింది. పొర దాటి వచ్చే నీళ్లలో క్లోరిన్ కూడా ఉండదు. ఆ మెషీన్ లోపలి చిన్న ట్యాంకులో పాకుడు పట్టింది. ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోండి, గుర్తు రాకపోతే అదే జవాబు.

రెండు_పిల్లల_తల్లి
గుర్తు రాలేదు. రేపే పిలుస్తా.

గడుగ్గాయి
అందరూ నీళ్ల మీద పడ్డారు. అసలు పిల్లలకి వచ్చింది నీళ్ల వల్లే అని ఎవరు తేల్చారు? ఎండాకాలం పిల్లల మధ్య ఇలాంటివి ఆటల్లో కూడా అంటుకుంటాయి. 48 ఇళ్ల పట్టీ వేయండి. ఏ ఇంట్లో కుళాయి నీళ్లు నేరుగా తాగుతారు, ఏ ఇంట్లో మరిగిస్తారు, ఎవరికి జబ్బు చేసింది. 1854లో లండన్‌లో జాన్ స్నో చేసింది ఇదే. బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ కలరా చావులు గుర్తు పెట్టుకుంటూ పోయాడు. అదే వీధిలో బీరు బట్టీలో పనిచేసేవాళ్లు డెబ్బై మందికి పైగా ఉన్నా ఒక్కరూ చావలేదు. బట్టీకి సొంత బావి ఉంది, పైగా వాళ్లు నీళ్ల జోలికే పోయేవాళ్లు కాదట. సూక్ష్మజీవి ఏంటో ఆయనకి తెలీదు, పంపు పిడి మాత్రం ఊడదీయించాడు.

తుంటరి
బట్టీ వాళ్ల పద్ధతి మా అసోసియేషన్‌లో ప్రతిపాదిస్తా. ఏకగ్రీవంగా నెగ్గుతుంది.

మూడో_అంతస్తు
గడుగ్గాయి గారి మాట పట్టుకుని ఆదివారమంతా తలుపులు కొట్టాను. 20 ఇళ్లు కుళాయి నీళ్లు నేరుగా, లేదా మామూలు క్యాండిల్ ఫిల్టర్‌లో పోసి తాగుతున్నాయి. వాటిలో 8 ఇళ్లలో జబ్బు. మరిగించేవాళ్లు, యూవీ ఉన్నవాళ్లు 28 ఇళ్లు. అక్కడ ఒక్క ఇంట్లో. ఆ ఒక్క బాబు కుళాయి నీళ్లతో పళ్లు తోముకుంటాడు, మింగుతాడు కూడా అని వాళ్లమ్మే చెప్పింది.

లెక్కల_మాస్టారు
40 శాతం ఒకవైపు, 4 శాతం లోపు ఇంకోవైపు. పదకొండు రెట్లు. చిన్న లెక్కే అయినా ఇంత తేడా గాలివాటంగా రాదు. శభాష్.

గడుగ్గాయి
సరే, నీళ్లే. ఒప్పుకుంటున్నా.

మూడో_అంతస్తు
ఇవాళ నీళ్లు వచ్చాయి. కిట్‌తో చూశాం. లైను నోటి దగ్గర 0.4. సంపులో అసలు రంగే రాలేదు. పై ట్యాంకులోనూ సున్నా. సరఫరా వాళ్ల మాట నిజమేనన్నమాట, కనీసం ఈ రోజుకి.

పాత_పైపు
సంపే మీ దొంగ. దాని గోడకి ఎంత దూరంలో మురుగు ఛాంబర్ ఉంది?

మూడో_అంతస్తు
నాలుగడుగులు.

పాత_పైపు
అనుకున్నా. సంపు నిండుగా ఉన్నప్పుడు లోపలి నీళ్లే బయటికి తోస్తాయి, ఏమీ తెలియదు. రెండో రోజు మట్టం తగ్గాక బయటి తడి లోపలికి వస్తుంది. మొత్తం తోడించి, గోడలు పొడిగా తుడిచి, ఒక గంట అలాగే వదిలేసి చూడండి. మనిషిని దించే ముందు మూతలు తెరిచి గాలి బాగా ఆడనివ్వండి, ఒంటరిగా దింపకండి, పైన ఒకరు తాడు పట్టుకుని ఉండాలి. ఆ తొందరలో ప్రాణాలు పోయినవి చూశాను.

అనుమానాల_పుట్ట
లైను దగ్గర 0.4 ఒక్క రోజు చూసి సరఫరా వాళ్లకి మంచి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు. రాసుకునే రిజిస్టర్లు నమ్మొచ్చా?

పాత_పైపు
ఈ అనుమానం మాత్రం సరైన చోట పడింది. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్‌లో పెద్ద వాన పడి, పశువుల ఎరువులోంచి ఈ.కోలై ఒక బావిలోకి దిగింది. క్లోరిన్ రోజూ కొలవకుండానే కొలిచినట్టు అంకెలు రాసేవాళ్లు అక్కడ. ఊరు 5,000 మంది ఉంటారు, 2,300 మంది దాకా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. నీళ్లొచ్చే ప్రతి రోజూ మీరే చూసి తేదీతో రాసి పెట్టండి. వాన పడ్డ మర్నాడు తప్పకుండా.

గడుగ్గాయి
క్లోరిన్ సరిగా ఉంటే చాలనీ అనుకోకండి. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవితో 4 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారని అంచనా. దానికి క్లోరిన్ అంటే లెక్కలేదు. అక్కడ దెబ్బతిన్నది వడపోత. నీళ్లు మసకగా ఉంటే క్లోరిన్ అంకె చూసి ఊరుకోకూడదు.

కాగితప్పడవ
పక్కదారి ప్రశ్న. మా ఇల్లు పాతది, సీసపు పైపులేమో అని భయం. దానికీ కుళాయి కాసేపు వదిలేసి శాంపిల్ పట్టాలా?

ల్యాబ్_కోటు
తలకిందులు. బ్యాక్టీరియాకైతే కుళాయి శుభ్రం చేసి, కాసేపు వదిలేసి పట్టాలి. సీసానికైతే రాత్రంతా, కనీసం 6 గంటలు కదపకుండా ఉంచి, పొద్దున్నే మొదటి లీటరు పట్టాలి. పైపులో నిలవున్న నీళ్లే సీసాన్ని కరిగించుకుంటాయి. ముందు వదిలేశారంటే సాక్ష్యాన్ని మీరే కాలువలో పోసినట్టు. అమెరికాలో ఫ్లింట్ నగరం 2014లో నీటి వనరుని ఒక నదికి మార్చి, పైపులు కొరికేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. నదిలో సీసం లేదు, ఇళ్లకి చేరేలోగా వచ్చి చేరింది.

మూడో_అంతస్తు
ఇవాళ సంపు తోడించాం. పాత_పైపు గారు చెప్పినట్టే మూతలు తెరిచి, తాడు కట్టి మనిషిని దించాం. ఛాంబర్ వైపు గోడలో, నేలకి అడుగు ఎత్తున సన్నటి పగులు. తుడిచిన పావుగంటకే అక్కడ చెమట పట్టింది, గంటకి అర గ్లాసు నీళ్లు కారాయి. అప్పుడు ఊహించనిది జరిగింది. ప్రెసిడెంటు గారు కిందికి గ్లాసు దింపించి, ఆ నీళ్లు పైకి తీయించి తన మీటర్ ముంచారు. 860! మునిసిపల్ నీళ్లు 210. "ఇవి మన నీళ్లు కావు" అని ఆయనే అన్నారు.

తుంటరి
మీటర్‌కి నా క్షమాపణలు.

ల్యాబ్_కోటు
భలే. ఉప్పదనంతో తెలిసేది అదే కాబట్టి సరిగ్గానే వాడారు. అయితే అది భూగర్భ జలం కూడా కావచ్చు, మురుగే అనడానికి ఇది చాలదు. ఫ్లోరెసిన్ రంగు కొంచెం ఆ ఛాంబర్లో పోసి చూడండి.

మూడో_అంతస్తు
పోశాం. రెండు గంటల నలభై నిమిషాలకి పగులు దగ్గర పచ్చగా మెరిసింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తాపీ మేస్త్రీ రేపు వస్తాడు. ఛాంబర్ కూడా దూరంగా జరిపిస్తున్నారు. గోడ పూర్తయ్యాక సంపు, ట్యాంకు కడిగించి, క్లోరిన్ ఎక్కువ మోతాదులో పట్టించి వదిలేశాక, రెండు చోట్లా ల్యాబ్ సీసాల్లో మళ్లీ శాంపిళ్లు ఇస్తాం. అప్పటిదాకా అందరూ మరిగించుకోవాలని నోటీసు పెట్టాం.

బోరు_వాడు
మా నీళ్లు మార్చేశాం. రెండో ల్యాబ్‌లో ఇచ్చాను, ఈసారి నైట్రేటుగా రాయమని అడిగి మరీ. కాగితం రాగానే ఇక్కడే పెడతా, మాస్టారూ వెళ్లిపోకండి.

పాత_పైపు
మూడో_అంతస్తు గారూ, మేస్త్రీ లోపలి వైపే పూసి వెళ్లిపోతానంటాడు. ఒప్పుకోకండి, బయటి వైపు తవ్వించి పూయించండి.

మూడో_అంతస్తు
సరిగ్గా అలాగే అన్నాడు. ప్రెసిడెంటు గారు ఇప్పుడు గొయ్యి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, చేతిలో మీటర్‌తో.